హెల్మెట్ అద్దంలో చంద్రుడి దారి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎదురుగా కనిపించే దృశ్యం మీదే గుర్తులు, అంకెలు, బాణాలు అద్ది చూపించే పద్ధతిని ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటున్నాం, పొట్టిగా ఏఆర్. చంద్రుడి మీద నడిచే వ్యోమగామికి అది ఎంతవరకు పనికొస్తుందని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్ని ఇక్కడ ఇస్తున్నాం. ఒకే సందేహం ఉన్నవాటిని కలిపేశాం.

ప్రశ్న: అపోలో రోజుల్లో ఇవేవీ లేకుండానే పన్నెండు మంది చంద్రుడి మీద నడిచి క్షేమంగా తిరిగొచ్చారు. కాగితం మ్యాపుతో అయ్యే పనికి ఇంత హంగు దేనికి?

తిరిగొచ్చిన మాట నిజమే. కాగితంతో పని పూర్తిగా అయిందా అంటే మాత్రం కాలేదు. 1971 ఫిబ్రవరిలో అపోలో 14 యాత్రలో అలన్ షెపర్డ్, ఎడ్గార్ మిచెల్ మ్యాపు పట్టుకుని కోన్ అనే బిలం అంచు చూద్దామని వాలెక్కారు. ఒక మిట్ట దాటితే ఇంకో మిట్ట వచ్చిందే తప్ప అంచు కనబడలేదు. టైము మించిపోతోందని చివరికి వెనక్కి తిరిగారు. చాలా ఏళ్ల తర్వాత చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక లూనార్ రికనసాన్స్ ఆర్బిటర్ తీసిన ఫొటోల్లో వాళ్ల అడుగుజాడలు చూస్తే, అంచుకు సుమారు 30 మీటర్ల దూరం దాకా వెళ్లారని తేలింది. దాదాపు 340 మీటర్ల వెడల్పున్న గొయ్యి అంత దగ్గర ఉండి కూడా కంటికి ఆనలేదు.

అది వాళ్ల పొరపాటేమీ కాదు. చంద్రుడి మీద కన్ను మోసపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. గాలి లేదు కాబట్టి దూరం పెరిగేకొద్దీ దృశ్యం మసకబారదు. పది కిలోమీటర్ల అవతలి కొండా, పక్కనే ఉన్న దిబ్బా ఒకే స్పష్టతతో కనిపిస్తాయి. పరిమాణం పోల్చుకోడానికి చెట్టు, స్తంభం, ఇల్లు లాంటివేవీ ఉండవు. చిన్న రాయీ పెద్ద బండా ఒకే ఆకారంలో ఉంటాయి. చంద్రుడు చిన్న గోళం కావడంతో, నిలబడ్డ మనిషికి చదునైన నేల మీద దిగంతం 2.4 కిలోమీటర్ల దూరంలోనే అయిపోతుంది. భూమి మీదైతే అది 4.7 కిలోమీటర్లు. సూర్యుడు సరిగ్గా వీపు వైపు ఉంటే నీడలన్నీ రాళ్ల వెనక్కి దాక్కుని నేల అంతా ఒకే తెల్లటి పలకలా కనిపిస్తుంది. ఎదురుగా ఉంటే కళ్లు చెదురుతాయి.

నాసా ఇప్పుడు మనుషుల్ని పంపాలనుకుంటున్నది చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతానికి. అక్కడ కథ ఇంకా కష్టం. చంద్రుడి అక్షం వంపు కేవలం 1.5 డిగ్రీలు కావడంతో ధ్రువం దగ్గర సూర్యుడు దిగంతాన్ని ఒరుసుకుంటూ తిరుగుతాడు తప్ప పైకి రాడు. సూర్యుడు 1.5 డిగ్రీల ఎత్తులో ఉంటే ఒక మీటరు ఎత్తు రాయి నీడ దాదాపు 38 మీటర్లు పరుచుకుంటుంది. ఆ నీడలో గొయ్యి ఉందో, వాలుందో కంటికి తెలియదు. ఏఆర్ అవసరం ఇక్కడ మొదలవుతుంది. కంటికి కనబడనిది చూపించడమే దాని పని. కనిపిస్తున్న రాయి మీద 'రాయి' అని పేరు రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ప్రశ్న: మార్కెట్లో దొరికే ఏఆర్ కళ్లజోడు పెట్టుకుని, దాని మీద హెల్మెట్ బిగించుకుంటే సరిపోదా?

మొదటి అడ్డంకి ఆక్సిజన్. అపోలో సూట్‌లో 3.7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల లెక్క) పీడనంతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఉండేది. నాసా తర్వాత రూపొందించిన ఎక్స్‌ఈఎంయూ సూట్‌ని 8.2 పీఎస్ఐ దాకా పనిచేసేలా తయారుచేశారు. అంటే మనం పీల్చే గాలిలో ఉన్నదానికి రెండున్నర రెట్లకు పైగా ఆక్సిజన్, మంటను నెమ్మదింపజేసే నైట్రోజన్ మాత్రం ఉండదు. అలాంటి చోట, ముఖానికి నాలుగు వేళ్ల దూరంలో లిథియం బ్యాటరీ పెట్టడానికి ఏ భద్రతా ఇంజనీరూ సంతకం చేయడు. అందుకే బ్యాటరీ, ప్రాసెసర్ సూట్ బయటి వైపో వీపు మీది పెట్టెలోనో ఉండాలి. లోపలికి వచ్చే తీగలో కరెంటు పరిమితి దాటకుండా అడ్డుకట్ట ఉండాలి. డిస్‌ప్లే ఫ్రేము, పట్టీ, జిగురు అన్నీ ఆక్సిజన్‌లో మండే పరీక్షకు నిలవాలి. లేదా ప్రొజెక్టర్‌నే హెల్మెట్ గాజు బయట పెట్టి బొమ్మను మాత్రం లోపలికి పంపాలి.

రెండోది గాలి ప్రవాహం. హెల్మెట్‌లో తల వెనక నుంచి వచ్చే గాలి ముఖం మీదుగా కిందికి దిగి, వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని తోసుకుపోతుంది. ముక్కు ముందు ఒక పలక అడ్డం పెడితే ఆ ప్రవాహం చీలి, వదిలిన గాలే మళ్లీ పీల్చే ప్రమాదం వస్తుంది. కాబట్టి డిస్‌ప్లే ఎంత బాగా కనిపిస్తోందో చూసేముందు, అది పెట్టాక ముక్కు దగ్గర కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో కొలవాలి.

మూడోది తల. సూట్ హెల్మెట్ భుజాలకు బిగించి ఉంటుంది, తలతో పాటు తిరగదు. డిస్‌ప్లేని హెల్మెట్‌కి బిగిస్తే, వ్యోమగామి తల పక్కకి తిప్పగానే బొమ్మ కనిపించే చిన్న కిటికీ లాంటి జాగా దాటిపోయి అక్షరాలు సగం మాయమవుతాయి. తలకే పెడితే, ఎనిమిది గంటల నడకలో అది చెమటకి జారినా సర్దుకోడానికి చెయ్యి లోపలికి పోదు. ముక్కు దురద పెడితేనే గోక్కునే దారి లేని చోట కళ్లజోడు సర్దుకోవడం ఎలా? మా అభిప్రాయంలో అంకెలు, చెక్‌లిస్టు లాంటివి హెల్మెట్‌కి బిగించిన చిన్న పలక మీద ఓ పక్కన చూపించడం మేలు. దృశ్యానికి అతుక్కుని ఉండాల్సిన బాణాలు మాత్రమే కంటి ముందుకు రావాలి.

ఇక వెలుతురు. గాలి వడపోత లేని సూర్యకాంతి దాదాపు 1,30,000 లక్స్. చంద్రుడి మట్టి అందులో పన్నెండు శాతం దాకా వెనక్కి కొడుతుందనుకుంటే, సూర్యుడి వైపు తిరిగిన వాలు సుమారు 5,000 నిట్ల కాంతితో వెలుగుతుంది. గదిలో వాడే ఏఆర్ కళ్లజోళ్ల బొమ్మ కొన్ని వందల నిట్లే. అంత వెలుగు మీద ఆ బొమ్మ వెలిసిపోయినట్టు ఉంటుంది. బంగారు పూత వైజర్, అంటే హెల్మెట్ మీది ఎండ అద్దం, దించుకుంటే ఒక లాభం ఉంది. బయటి వెలుగు తగ్గుతుంది, వైజర్ లోపల ఉన్న డిస్‌ప్లే తగ్గదు. కానీ నీడలోకి అడుగుపెట్టగానే లెక్క తిరగబడుతుంది. అక్కడ అదే బొమ్మ కళ్లలో పొడుస్తుంది. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, ఒక్క ప్రకాశవంతమైన మెనూతో ఆ అలవాటంతా పోతుంది. బొమ్మ వెలుగు వెయ్యి రెట్ల తేడాతో పెరిగి తగ్గగలగాలి, అదీ వైజర్ ఎత్తి ఉందో దించి ఉందో తెలుసుకుని. ఇంకో పరిమితి: పారదర్శక డిస్‌ప్లే వెలుగుని కలపగలదే గానీ తీసెయ్యలేదు, కాబట్టి నల్ల రంగు అనేది దానికి లేదు. నల్ల అక్షరాలతో డిజైన్ వేసి పంపిన బొమ్మలు మాకు చాలానే వచ్చాయి. అవి స్క్రీన్ మీద అందంగానే ఉంటాయి, కళ్లజోడులో మాత్రం ఏమీ కనబడదు.

ప్రశ్న: చంద్రుడి మీద జీపీఎస్ లేదు కదా. బాణం ఎటు చూపించాలో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది?

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇదే, కొంచెం వివరంగా చెబుతాం.

జీపీఎస్ సంకేతాలు అక్కడికి అసలు అందవని కాదు. 2025 మార్చిలో బ్లూ ఘోస్ట్ ల్యాండర్ మీద వెళ్లిన లుగ్రే పరికరం జీపీఎస్ సంకేతాలను, యూరప్ వారి గెలీలియో సంకేతాలను చంద్రుడి నేల మీదే అందుకుని తన స్థానం లెక్కగట్టింది. కానీ ఆ ఉపగ్రహాలన్నీ ఆకాశంలో ఒకే చిన్న మూల, భూమి ఉన్న వైపే ఉంటాయి. అడుగడుక్కీ దారి చూపేంత కచ్చితత్వం దాంతో రాదు. ధ్రువం దగ్గర భూమే దిగంతం అంచున ఊగుతుంటుంది, కొండ అడ్డొస్తే అదీ లేదు. దిక్సూచి కూడా పనిచేయదు, చంద్రుడికి భూమికి ఉన్నట్టు గోళమంతటా అయస్కాంత క్షేత్రం లేదు.

అపోలో రోవర్ చేసిన పద్ధతే ఇప్పటికీ పునాది. బయలుదేరేముందు సూర్యుడి నీడ చూసి గైరోని సరిచేసుకునేవాళ్లు. తర్వాత గైరో దిశ చెప్పేది, చక్రాలు ఎన్నిసార్లు తిరిగాయో సెన్సర్లు లెక్కపెట్టేవి. రెండూ కలిపి ల్యాండర్ ఎటు ఉంది, ఎంత దూరం ఉందన్నది డాష్‌బోర్డు మీద కనిపించేది. నడిచే మనిషికి చక్రాలు లేవు కాబట్టి ఆ పని కెమెరాలు, త్వరణం కొలిచే సెన్సర్లు కలిసి చేయాలి. కెమెరా వరుస ఫొటోల్లో రాళ్ల అంచులు, మచ్చలు ఎటు జరిగాయో చూసి నడిచిన దారిని అంచనా వేస్తుంది. పరిస్థితులు బాగుంటే నడిచిన దూరంలో ఒకటి రెండు శాతం తప్పు వస్తుంది, కిలోమీటరు నడిస్తే పది ఇరవై మీటర్లు.

పరిస్థితులు బాగుండవు, అదే చిక్కు. భూమి మీద రాసిన సాఫ్ట్‌వేర్ గురుత్వాకర్షణ సెకనుకు సెకనుకు 9.81 మీటర్లని నమ్మి ఆ మేరకు తీసేస్తుంది. చంద్రుడి మీద అది 1.62 మాత్రమే. ఆ ఒక్క అంకె మార్చడం మర్చిపోతే, కదలకుండా నిలబడ్డ మనిషి మొదటి సెకనులోనే నాలుగు మీటర్లు కదిలిపోయాడని సెన్సర్ లెక్క చెబుతుంది. కెమెరా దాన్ని వెనక్కి లాగుతుంది, ఈ కొట్లాటలో బాణం వణుకుతుంది. ఇది సులువుగా దొరికే తప్పు. దొరకని తప్పులు నీడలవి. సూర్యుడు వీపు వైపు ఉంటే వ్యోమగామి నీడ ఎదురుగా పడి, తనతో పాటే కదులుతుంది. దాని అంచులు చాలా స్పష్టంగా ఉంటాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ వాటినే ఆనవాళ్లుగా పట్టుకుంటుంది, మనిషి కదలడం లేదని నిర్ధారిస్తుంది. చీకటి బిలంలో హెల్మెట్ లైటు వేస్తే ఇంకో రకం మోసం: లైటు తలతో పాటు తిరిగేసరికి ప్రతి రాయి నీడా ఎటో జరుగుతుంది. ఒంటి నీడ పడే భాగాన్ని సూర్యుడి దిశ బట్టి ముందే లెక్కగట్టి ఆ పిక్సెళ్లను పక్కన పెట్టేయాలి. చీకట్లో కెమెరా కంటే లైడార్ నయం, అది తన లేజరు వెలుగుతోనే చూస్తుంది. నాసా మార్షల్ కేంద్రం వీపున తగిలించుకునే లైడార్ మూటను ఇందుకే అభివృద్ధి చేస్తోంది.

చవకగా దొరికే డెప్త్ కెమెరాలతో (ఎదుటి వస్తువు ఎంత దూరంలో ఉందో కొలిచేవి) ఇంకో ఇబ్బంది ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. వాటిలో ఎక్కువ భాగం 940 నానోమీటర్ల పరారుణ కాంతి వాడతాయి. భూమి మీద గాలిలోని నీటి ఆవిరి సూర్యకాంతిలో ఆ భాగాన్ని బాగా పీల్చేస్తుంది కాబట్టి అక్కడ పోటీ తక్కువ. చంద్రుడి మీద ఆవిరి లేదు, ఆ వెసులుబాటూ లేదు. ఎండలో ఆ కెమెరా గుడ్డిదైపోతుంది.

స్థానం కంటే దిశ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. దిశలో ఒక్క డిగ్రీ తేడా వస్తే 100 మీటర్ల దూరంలో గుర్తు 1.75 మీటర్లు పక్కకి పడుతుంది, 500 మీటర్ల దగ్గర 8.7 మీటర్లు, కిలోమీటరుకి 17 మీటర్లకు పైగా. దిశ సరిచేసుకోడానికి ధ్రువం దగ్గర సూర్యుడే మంచి సాధనం. గంటకి అర డిగ్రీ మాత్రమే పక్కకి జరుగుతాడు, ఆ లెక్క కచ్చితంగా తెలుసు. హెల్మెట్ మీద చిన్న సూర్య సెన్సర్ ఒకటి, నీడలో ఉన్నప్పుడు నక్షత్రాలు చూసే కెమెరా ఒకటి ఉంటే గైరో పక్కదారి పట్టినప్పుడల్లా లాగి దారిలో పెట్టొచ్చు. ల్యాండర్‌కి ఎంత దూరమో రేడియోతో కొలవడం, దిగంతంలో కొండల గీతను ఎత్తుల మ్యాపుతో పోల్చడం, దారిలో రెండు మూడు దీపస్తంభాలు పాతుకుంటూ వెళ్లడం కూడా పనికొచ్చే పద్ధతులే.

ఇన్ని చేసినా తప్పు ఉంటుంది. ఆ తప్పు ఎంతో కంప్యూటర్‌కి తెలుసు, దాన్ని దాచకూడదు. సన్నటి సూది బాణం కాకుండా, అనుమానం పెరిగేకొద్దీ వెడల్పయ్యే విసనకర్ర ఆకారం చూపించాలి. ఆనవాళ్లు పూర్తిగా తప్పిపోతే బాణం తీసేసి 'దారి తెలియడం లేదు' అని చెప్పాలి. బాణం లేకపోతే మనిషి ఆగి చుట్టూ చూసుకుంటాడు. తప్పుడు బాణం ఉంటే నమ్మి నడుస్తాడు.

ప్రశ్న: వ్యోమగామి కళ్ల ముందు నిజంగా ఏమేం చూపించాలి? ఊహాచిత్రాల్లో అయితే అద్దం నిండా అంకెలే ఉంటున్నాయి.

ఆ ఊహాచిత్రాలని నమ్మకండి. మామూలు నడకలో కనిపించాల్సినవి నాలుగే: వెళ్లాల్సిన దిశ, అక్కడికి దూరం, గడిచిన టైము, తిరుగు ప్రయాణానికి మిగిలిన గడువు. ఆక్సిజన్, బ్యాటరీ, చల్లబరిచే నీరు, కార్బన్ డయాక్సైడ్, గుండె వేగం అడిగితేనే రావాలి, లేదా హద్దు దాటినప్పుడు వాటంతటవే రావాలి. అంతరిక్ష కేంద్రంలో వాడుతున్న సూట్‌కి ఛాతీ మీద చిన్న డిస్‌ప్లే, మీటలు ఉంటాయి. వాటి పక్కన అక్షరాలు తిరగేసి రాసి ఉంటాయి, మణికట్టుకు కట్టుకున్న అద్దంలో చూసి చదవాలి. ఆ అద్దాన్ని తప్పించినా గొప్పే.

తిరుగు గడువు లెక్క ఎలా ఉండాలో ఒక ఉదాహరణ. వ్యోమగామి ల్యాండర్ నుంచి గీత గీసినట్టు చూస్తే 800 మీటర్ల దూరంలో ఉన్నాడనుకుందాం. మధ్యలో గొయ్యి ఉంది, నడవగలిగే దారి 1,200 మీటర్లు. గంటకి రెండు కిలోమీటర్ల వేగంతో 36 నిమిషాలు. దారిలో 12 డిగ్రీల వాలు ఉన్న భాగానికి వేగం తగ్గుతుంది కాబట్టి ఇంకో 10 నిమిషాలు. ల్యాండర్ మెట్లెక్కడానికి, దుమ్ము దులుపుకోడానికి 20 నిమిషాలు. అన్నిటి కంటే ముందు అయిపోయే సరుకు ఏదో, ఆక్సిజనా బ్యాటరీయా నీరా, దాని ప్రకారం ఇంకా 2 గంటల 10 నిమిషాలు ఉందనుకుంటే, అత్యవసర నిల్వగా 30 నిమిషాలు పక్కన పెట్టాలి. మిగిలేది 34 నిమిషాలు. తెర మీద ఆ 34 ఒక్కటే కనిపించాలి. గొయ్యినీ వాలునీ పట్టించుకోకుండా 800 మీటర్ల లెక్కతో గడువు చెబితే ఇరవై నిమిషాలు లేనివి ఉన్నట్టు అనిపిస్తాయి. ఇలాంటి చోటే డిజైన్లు చెడిపోతాయి.

వాలుని రంగులతో చూపించే సదుపాయం కూడా అందరూ అడుగుతారు. వాడొచ్చు, కానీ దాని వెనక ఉన్న మ్యాపు ఏమిటో తెలుసుకుని వాడాలి. లూనార్ రికనసాన్స్ ఆర్బిటర్ ఫొటోలు పిక్సెల్‌కి అర మీటరు దాకా, చంద్రయాన్-2 కెమెరా ఓహెచ్ఆర్‌సీ ఫొటోలు పావు మీటరు దాకా వివరం ఇస్తాయి. ఎత్తుల మ్యాపు మాత్రం ధ్రువం దగ్గర కూడా చాలావరకు ఐదు మీటర్ల గళ్లలో ఉంటుంది. ఐదు మీటర్ల గడి 'పచ్చ', అంటే నడవొచ్చు, అని చెబుతుంటే, ఆ గడిలో మోకాలెత్తు రాయి, నడుం లోతు గొయ్యి రెండూ ఉండొచ్చు. కక్ష్య నుంచి వచ్చిన మ్యాపు రంగుల్ని 30 మీటర్ల అవతల మాత్రమే చూపి, దగ్గరి నేలకి సూట్ లైడార్ కొలిచిన దాన్నే నమ్మడం సరైన పద్ధతి.

ప్రశ్న: అంత మందపాటి గ్లవ్స్‌తో మెనూలు ఎలా నొక్కుతారు?

నొక్కరు. పీడనం నిండిన గ్లవ్ గాలి ఊదిన బెలూన్‌లా బిగుసుకుని ఉంటుంది, వేలు మడిచిన ప్రతిసారీ దానితో కుస్తీ పట్టాలి. గాలిలో వేళ్లు చిటికెలా కలిపి ఎంచుకునే పద్ధతి గదిలో బాగుంటుంది, సూట్‌లో అరగంటకే ముంజేయి పీకుతుంది. పైగా చేతిని గుర్తించే సాఫ్ట్‌వేర్ మామూలు చేతుల ఫొటోలతో నేర్చుకున్నది, తెల్లటి మందపాటి గ్లవ్‌ని చెయ్యిగా ఒప్పుకోదు.

మాటతో ఆదేశించడం మెరుగే, కానీ హెల్మెట్‌లో ఫ్యాను చప్పుడు, రేడియోలో మరో ముగ్గురి మాటలు ఉంటాయి. 'తర్వాతి అంశం' అని భూమికి చెప్పే మాటని యంత్రం తనకే అనుకుని చెక్‌లిస్టు పేజీ తిప్పేస్తుంది. అందుకని ఆదేశానికి ముందు ఒక అరుదైన పిలుపు మాట పెట్టాలి, లేదా ఛాతీ మీది మీట నొక్కినంతసేపే వినేలా చేయాలి. ఆ మీట కూడా గ్లవ్‌తో తడిమి పట్టుకోగలిగేంత పెద్దది అయితే మంచిది. ఒక దారి పాడైతే రెండోది ఉండాలి. మాటల్ని గుర్తించే పని సూట్‌లోనే జరగాలి. భూమికి పంపి తెప్పించుకుంటే రానూపోనూ ప్రయాణానికే 2.6 సెకన్లు పోతాయి.

ప్రశ్న: భూమి మీది నిపుణులు వ్యోమగామి చూస్తున్న దృశ్యం మీద గీతలు గీసి చూపించగలరా?

గలరు, వీడియో మీద కాకుండా నిలకడగా ఆపిన ఫొటో మీద గీస్తే. గీసేలోపు వ్యోమగామి తల తిప్పేసి ఉంటాడు, గీత ఇంకో రాయి మీద పడుతుంది. గీతని ఆ రాయి ఉన్న చోటికే కట్టి పంపాలి. 'ఆ ఎడమ వైపుది కాదు, దాని పక్కది' అనే మాటలతో అపోలోలో పోయిన నిమిషాలు ఇలా మిగులుతాయి.

ప్రశ్న: ఇది అంతరిక్షంలో ఇప్పటికే వాడారా, లేక మాటలేనా?

అంతరిక్ష కేంద్రం లోపల వాడారు. యూరప్ అంతరిక్ష సంస్థ తరఫున 2009లో ఫ్రాంక్ డి విన్నే తలకు తగిలించుకునే డిస్‌ప్లేతో పనుల సూచనలు చదువుతూ ప్రయోగం చేశారు. నాసా పంపిన మొదటి హోలోలెన్స్‌లు (మైక్రోసాఫ్ట్ తయారుచేసిన ఏఆర్ కళ్లజోళ్లు) 2015 జూన్‌లో రాకెట్ పేలిపోవడంతో పోయాయి. తర్వాత పంపినవాటిని 2016లో స్కాట్ కెల్లీ వాడారు. 2021లో సోయిచి నొగుచి ట్రెడ్‌మిల్ తనిఖీకి ఏఆర్ సూచనలు వాడారు. ఇవన్నీ గాలి నిండిన గదిలో, సూట్ లేకుండా మామూలు బట్టల్లో చేసినవి. 2024 మేలో అరిజోనా ఎడారిలో కేట్ రూబిన్స్, ఆండ్రే డగ్లస్ చంద్రుడి నడకల సాధన చేసినప్పుడు, దారి చూపే ఏఆర్ డిస్‌ప్లేని కూడా పరీక్షించారు. చంద్రుడి మీద ఇంతవరకు ఎవరూ వాడలేదు.

ప్రశ్న: మేం ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థులం, నలుగురం. ప్రాజెక్టుగా ఇలాంటిది చేయాలనుంది. చంద్రుడి పరిస్థితులు మాకెక్కడ దొరుకుతాయి? ఏం కొలవాలి?

పరికరం ఎంపికలో మొదటి జాగ్రత్త: హోలోలెన్స్ 2 తయారీని 2024లో ఆపేశారు. ఉన్నది వాడుకోవచ్చు గానీ ప్రోగ్రామును దానికే కట్టేయకండి. రకరకాల కళ్లజోళ్లకి ఒకే ప్రోగ్రాము పనిచేసేలా చూసే ఓపెన్ఎక్స్ఆర్ పొర మీద రాస్తే రేపు వేరే కళ్లజోడుకి మార్చుకోవచ్చు.

వెలుతురు మీరే తయారుచేసుకోవచ్చు. చీకటి హాలు, గోడలకి నల్ల గుడ్డ. సన్నగా పడే ఒకే ఒక్క పెద్ద లైటుని నేల నుంచి అర మీటరు ఎత్తులో, పరీక్ష జాగాకి పది మీటర్ల దూరంలో పెట్టండి. దాదాపు 3 డిగ్రీల సూర్యుడు వచ్చినట్టే. రెండో లైటు వేయకండి, నీడలు చెడిపోతాయి. నేల మీద బూడిద రంగు ఇసుక పది సెంటీమీటర్లు పరిచి, గుప్పెడంత నుంచి మోకాలెత్తు దాకా రాళ్లు, మూడు నాలుగు గుంటలు ఏర్పాటు చేయండి. సన్నటి రాతిపొడి వాడితే మాస్కు తప్పనిసరి, సిలికా ఊపిరితిత్తులకి చేటు. హెల్మెట్‌కి పారదర్శక షీల్డు, దాని మీద ఎత్తి దించే నల్ల ఫిల్ము. చేతులకి రెండు జతల తోలు గ్లవ్స్, మధ్యలో స్పాంజి. మైకు పక్కన కంప్యూటర్ ఫ్యాను ఒకటి తిరుగుతూ ఉండాలి. భూమి పాత్ర వేసే మిత్రుడి మాటకి ఒక్కో వైపు 1.3 సెకన్ల ఆలస్యం పెట్టండి.

అక్షరాలు కంటి దగ్గర కనీసం అర డిగ్రీ ఎత్తు ఉండాలి, అంటే రెండు మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపించే బొమ్మలో 1.7 సెంటీమీటర్లు. ఆలస్యం కూడా కొలవండి. తల సెకనుకి 50 డిగ్రీల వేగంతో తిప్పితే, 50 మిల్లీసెకన్ల ఆలస్యం బాణాన్ని 2.5 డిగ్రీలు వెనక వదిలేస్తుంది. ఫోనులో సెకనుకి 240 ఫ్రేముల వీడియో తీసి ఫ్రేములు లెక్కపెడితే ఇది తేలిపోతుంది.

మనుషులతో పరీక్ష చేసేటప్పుడు అదే దారిని కాగితం మ్యాపుతో ఒకసారి, ఏఆర్‌తో ఒకసారి నడిపించండి. సగం మందికి కాగితం ముందు, మిగతా సగానికి ఏఆర్ ముందు ఇవ్వాలి. లేకపోతే రెండోసారి దారి గుర్తుండి ఫలితం పాడవుతుంది. పట్టిన టైము, నడిచిన దూరం, గుంటలో కాలు పెట్టిన సంఖ్య రాసుకోండి. పని భారం ఎంతనిపించిందో నాసా టీఎల్ఎక్స్ ప్రశ్నపత్రంతో అడగండి, అందులో ఆరు అంశాలుంటాయి. మధ్యమధ్యలో పక్క నుంచి చిన్న ఎర్ర లైటు వెలిగించి, దాన్ని చూసి స్పందించడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కొలవండి. డిస్‌ప్లే అంకెల్లో మునిగిపోయి ఎదురుగా ఉన్నది చూడకపోవడం విమాన పైలట్లలో బాగా తెలిసిన సమస్యే, మీ డిజైన్‌లోనూ ఉందో లేదో ఈ ఎర్ర లైటు చెబుతుంది.

చివరి నడకలో, నడిచేవాళ్లకి చెప్పకుండా బాణాన్ని పది డిగ్రీలు పక్కకి తిప్పేయండి. అనుమానం వచ్చి ఆగేలోపు ఒక్కొక్కరు ఎన్ని మీటర్లు పోయారో టేపుతో కొలవండి. సూది బాణంతో ఒకసారి, విసనకర్ర బాణంతో ఒకసారి చేసి రెండు అంకెల్నీ రిపోర్టు మొదటి పేజీలోనే వేయండి. పరీక్షకులు ముందు అడిగేది దాని గురించే.